పాత జీపు బాగుపడింది, కాగితం మాటేమిటి?

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో పాత ఇళ్ల పెరళ్లలోకి తొంగి చూస్తే ఇప్పటికీ అక్కడక్కడ ఒక జీపు కనబడుతుంది. చక్రాలుండవు. ఛాసిస్ ఇటుకల మీద నిలబడి ఉంటుంది. బాడీ గోడవార, ఇంజను కొబ్బరిచెట్టు కింద గోనెపట్టా మీద, బోల్టులేమో ఊరగాయ జాడీల్లో. ఎన్నాళ్లయిందని ఆ ఇంటి ఇల్లాలిని అడగకపోవడమే మంచిది.

ఈ జిల్లాకు జీపు నిన్నా మొన్నా వచ్చింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన ఈ బండిని 1947లో మహీంద్రా సంస్థ బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక పల్లెకు జీపు వచ్చిందంటే బి.డి.ఓ. వచ్చాడనో, తహసీల్దారు వచ్చాడనో అర్థం. అటవీ శాఖకు శేషాచలం కొండల్లో అదే దిక్కు. ప్రభుత్వం వాడి వేలం వేసిన బండ్లను మామిడి తోటల రైతులు కొన్నారు. దామలచెరువు మార్కెట్టుకు కాయ తోలిన జీపులూ, పాకాల, పీలేరు దారుల్లో పదిహేనుమందిని వేలాడేసుకుని తిరిగిన సర్వీసు జీపులూ చాలామటుకు ఆ వంశానివే.

ఇప్పుడు వాటిని ఇంటి దగ్గర విప్పి మళ్లీ బిగించే ముచ్చట పెరుగుతోంది. ఇది డబ్బున్నవారి వేడుక అని కొట్టిపారేయడం సరికాదు. తండ్రి తోలిన బండిని తుక్కు కింద అమ్మలేక పూనుకున్నవారే ఎక్కువ. విప్పడం ఒక ఆదివారం పని. బిగించడమే ఏళ్లు పడుతుంది. డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు ఉండే చోట నేల రేకు ముందుగా తుప్పు పడుతుంది. ఆ రేకు కోసి కొత్తది అతకాలి. అరిగిన సిలిండర్లు బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్లు వేయాలి. క్రాంకు షాఫ్టును లేతు మీద గ్రైండు చేయించాలి. సి.జె. 3బి మోడలుకు బానెట్ అంత ఎత్తుగా ఎందుకుందో ఇంజను విప్పినప్పుడే తెలుస్తుంది. గాలి లోపలికి వదిలే వాల్వులు హెడ్డులో, పొగ బయటికి వదిలేవి బ్లాకులో ఉంటాయి. అందుకే ఆ ఇంజను పొడుగు. ఇవన్నీ తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కించేంతమందే మిగిలారు. కంప్యూటరు తగిలించి లోపం చూసే షెడ్డు కుర్రాడికి టాపెట్ల చప్పుడు విని రోగం చెప్పే విద్య ఎక్కడ నేర్పుతారు? 'ఎప్పటికవుతుంది మేస్త్రీ?' అంటే 'బోల్టులు ఒప్పుకుంటే ఆయుధపూజకు సార్' అనే జవాబు వస్తుంది. ఏ ఏడాది ఆయుధపూజకో మాత్రం చెప్పడు.

రంగు మీద పెట్టే శ్రద్ధ బ్రేకుల మీద పెట్టనివారూ ఉన్నారు. పాత మోడళ్లలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకటే ఆయిలు దారి. ఒక్క గొట్టం చిల్లుపడితే నాలుగూ పోతాయి. ఘాట్ రోడ్డు పక్కనే ఉన్న ఊళ్లో ఈ సంగతి వేరే చెప్పాలా? ట్రాక్టరు టైర్లలాంటివి తొడిగి, ముందు ఇనుప దూలం బిగించి వీధుల్లో రొద చేసేవారిని పోలీసులు పట్టుకుంటే ఎవరూ జాలిపడనక్కరలేదు. బండి సిద్ధమైంది కదా అని అనుమతి లేకుండా శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలోకి తోలడం కూడా నేరమే.

అయితే పద్ధతిగా బాగుచేసుకున్నవాడికి న్యాయం జరుగుతోందా అన్నదే ప్రశ్న. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. కారు, జీపులాంటి వాటికి 600 రూపాయలుండిన ఈ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 20 ఏళ్లు దాటిన బండ్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఫీజు కట్టడానికి సిద్ధపడినవాడికి కూడా అసలు చిక్కు వేరే ఉంది. పెట్రోలు ధర భరించలేక ఒకప్పుడు చాలామంది జీపుల్లో డీజిలు ఇంజన్లు వేయించారు. కొందరు దాన్ని పుస్తకంలో ఎక్కించారు, కొందరు ఎక్కించలేదు. ఈనాడు కొన్నవాడు ఆనాటి యజమాని చేసిన మార్పుకు జవాబుదారీ అవుతున్నాడు. తయారీదారు నిర్ణయించిన రూపానికి విరుద్ధంగా మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

పోనీ పురాతన వాహనంగా నమోదు చేయించుకుందామంటే 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనలున్నాయి. 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. 20,000 రూపాయలు కడితే 'వి.ఎ.' అక్షరాలతో నంబరు ఇస్తారు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని ప్రదర్శనకూ, ర్యాలీకీ, పరిశోధనకూ, పెట్రోలు పోయించడానికీ, మరమ్మతుకూ తప్ప రోడ్డెక్కించరాదు. బంగళాలో కార్లు వరసగా పెట్టుకున్న జమీందారుకు ఈ నిబంధన సరిపోతుంది. వారానికి రెండుసార్లు తోటకు వెళ్లే పుత్తూరు రైతుకు ఎలా సరిపోతుంది? డీజిలు ఇంజను వేసి ఉంటే ఆ గుమ్మమే ఎక్కలేడు. 1982లో ఎన్.టి.ఆర్. రాష్ట్రమంతా తిరిగిన చైతన్య రథం పాత షెవ్రొలే బండిని మార్పించుకున్నదే. ఇవాళయితే దానికీ ఎన్ని సంతకాలు కావలసి వచ్చేవో!

ప్రభుత్వ జీపుల సంగతి ఇంకా విడ్డూరం. 15 ఏళ్లు నిండిన సర్కారు బండ్ల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది. అవి తుక్కు చేసే కేంద్రానికి పోవలసిందే. పొగ, ప్రమాదాల దృష్టితో చూస్తే ఇందులో తప్పు లేదు. కానీ ఒక చేత్తో 50 ఏళ్ల బండికి గౌరవ పీఠం వేసి, రెండో చేత్తో 15 ఏళ్లకే అన్నిటినీ నరికిస్తే రేపటి పీఠం మీద కూర్చోవడానికి సర్కారు జీపు ఒక్కటైనా మిగులుతుందా? ప్రతి పాలిటెక్నిక్కుకూ, ఐ.టి.ఐ.కీ ఒక్కొక్కటి రోడ్డెక్కని షరతు మీద ఇస్తే పిల్లలు విప్పి బిగించి నేర్చుకుంటారు. మేస్త్రీలలో ఒకరిద్దరిని పిలిచి నాలుగు పాఠాలు చెప్పించవచ్చు కూడా.

ఇక రవాణా శాఖ చేయగలిగినదీ ఉంది. కొత్త చట్టం అమలులోకి వచ్చింది 1989 జులై 1న. అంతకు ముందే ఇంజను మారిన బండ్లకు ఒక్కసారికి గడువు పెట్టి, ఛాసిస్ నంబరు సరిచూసి, బ్రేకులు, స్టీరింగు, లైట్లు, పొగ పరీక్షించి, నెగ్గినవాటిని పుస్తకంలో ఎక్కించాలి. నెగ్గనివాటిని నిర్దాక్షిణ్యంగా ఆపేయాలి. దీనికి కేంద్రం ఉత్తర్వు కావాలంటే మన పార్లమెంటు సభ్యులు అడగాలి. ఆలోగా తిరుపతి, చిత్తూరు రవాణా కార్యాలయాలు నెలకొక రోజు పాత బండ్ల తనిఖీకి కేటాయిస్తే దళారుల ఇళ్ల చుట్టూ తిరిగే శ్రమైనా తప్పుతుంది. దానికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు.