రెప్ప జారిందా... సంచి దిగిందా?

తణుకు నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. ఆవిడకు 54 ఏళ్లు. మాఘమాసంలో అమ్మాయి పెళ్లి. నిశ్చితార్థం నాడు వియ్యపురాలు పక్కన కూర్చుని, ‘ఏం వదినగారూ, రాత్రి నిద్ర పట్టలేదా?’ అని అడిగారట. ఆ మాట మనసులో నాటుకుపోయింది. ఫోటోలొచ్చాక చూసుకుంటే రెండు కళ్ల కిందా సంచులు, కుడికంటి కింది రెప్ప కాస్త వేలాడుతున్నట్టు కనిపించాయి. పట్నంలో ఒక క్లినిక్‌కి వెళితే ‘గంట పని, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు, ఈ నెలలో చేయించుకుంటే రేటు తగ్గిస్తాం’ అన్నారట. ‘పెళ్లికి ఇంకా ఆరు వారాలుంది డాక్టరుగారూ, చేయించుకోమంటారా? ఏ ఆపరేషన్ అయితే మంచిది?’ అని అడుగుతున్నారు. చివర్లో ఇంకో వాక్యం... ‘ఆ కుడికంట్లోంచి అప్పుడప్పుడూ నీరు కారుతుంది, అదేమంత పెద్ద విషయం కాదనుకోండి.’

అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో నాకు పెద్ద విషయంగా కనిపించింది ఆ చివరి వాక్యమే. దాని దగ్గరికే వస్తాను. ముందు సంచుల సంగతి చూద్దాం.

కళ్ల కింద వేలాడుతోందని అందరూ ఒకే మాట అంటారు గానీ, అక్కడ వేలాడేవి రకరకాలు. కనుగుడ్డుకి దెబ్బ తగలకుండా దాని చుట్టూ, ఎముక గూటిలో కొవ్వు మెత్తలా ఉంటుంది. కింది రెప్ప వెనక ఆ కొవ్వు మూడు చిన్న తిత్తులుగా ఉంటుంది. దాన్ని ఆపి ఉంచే పలచని పొర వయసుతో వదులై, కొవ్వు ముందుకు తోసుకొస్తుంది. అదే సంచి. కొన్ని కుటుంబాల్లో పాతికేళ్లకే కనిపిస్తుంది. అద్దం ముందు తల కదల్చకుండా కళ్లు మాత్రం పైకెత్తి చూడండి. ఉబ్బు పెరిగిందంటే అది చాలావరకు కొవ్వే.

కొవ్వు ఒక్కటే కారణమై, చర్మం బిగువుగా ఉన్నవారికి రెప్ప లోపలి వైపు నుంచే చిన్న కోత పెట్టి సరిచేస్తారు. బయట మచ్చ ఉండదు. ఇదేం నిన్నమొన్నటి వింత కాదు, ఫ్రాన్స్‌లో బుర్గే అనే సర్జన్ 1924లోనే ఈ పద్ధతి గురించి రాశాడు. మారిందల్లా కొవ్వు పట్ల మా దృష్టి. ఒకప్పుడు కనిపించిన కొవ్వంతా తీసేసేవారు. పదేళ్లు గడిచేసరికి ఆ కళ్లు గుంటలు పడి, మనిషి జబ్బుపడి లేచినట్టుండేవారు. ఇప్పుడు వీలైనంత తక్కువ తీస్తున్నాం. చాలామందికి అసలు తీయకుండా, బుగ్గకీ రెప్పకీ మధ్య పడే పల్లంలోకి జరిపి సర్దుతున్నాం.

చర్మం కూడా ముడతలు పడి మిగిలిపోయి ఉంటే, రెప్పవెంట్రుకల కిందుగా సన్నని గీతలా కోసి, చర్మం కొద్దిగా తీస్తారు. అనుభవమున్న సర్జన్ ఇక్కడ మహా పిసినారిగా ఉంటాడు. మిమ్మల్ని పైకి చూడమని, నోరు బాగా తెరవమని, అప్పుడు కూడా మిగిలే చర్మాన్నే లెక్కలోకి తీసుకుంటాడు. అరంగుళం జాకెట్టు గుడ్డ తగ్గితే టైలరు ఏదో అతుకేస్తాడు. కంటిరెప్పకి అతుకు వేయడం అంత తేలిక కాదు.

ఇక మూడోది, అసలు రెప్పే వదులు కావడం. మీ కుడికంటిలో ఇదే ఉందేమోనని నా అనుమానం. పెరట్లో బట్టలారేసే దండెం ఊహించుకోండి. కింది రెప్ప అలాంటిదే. రెండు కొసలా రెండు మేకులకు కట్టి ఉంటుంది, ఒకటి ముక్కు వైపు, ఒకటి కణత వైపు. ఏళ్లు గడిచేకొద్దీ దండెం సాగుతుంది. సాగిన దండెం మీద తడిచీర వేస్తే ఏమవుతుంది? రెప్ప వదులుగా ఉందని చూసుకోకుండా చర్మం కోసి కుడితే అదే అవుతుంది. మానే మచ్చ కిందకు లాగుతుంది, ఆపుకునే బలం రెప్పకు ఉండదు.

బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన సరిగ్గా ఈ స్థితిలో నా దగ్గరికొచ్చారు. వేరేచోట సంచులు తీయించుకుని నాలుగు నెలలైంది. సంచులు పోయిన మాట నిజమే. కానీ నల్లగుడ్డు కింద తెల్లగుడ్డు కనిపిస్తోంది. రెప్ప లోపలి ఎర్రదనం బయటికి తిరిగింది. రాత్రి కన్ను పూర్తిగా మూతపడదు, పొద్దున్నే మంట. స్కూటరు మీద వెళితే కళ్లు ధారలు. ఆయన బాధపడిందల్లా ఒక్కదానికి, మనవరాలు ‘తాతయ్యా, నన్ను కోపంగా చూస్తున్నావెందుకు?’ అందట. చెవి వెనక నుంచి చర్మం తెచ్చి అతికి, బయటి మూల బిగించాల్సి వచ్చింది. మొదటి రోజే ఆ మూల బిగించి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

వదులు కనిపెట్టడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. డాక్టరు వేలితో రెప్పని కిందకు లాగి వదులుతారు. ఆర్పకుండానే అది టక్కున వెనక్కి వెళ్లి గుడ్డుకి అతుక్కోవాలి. ఆర్పితే గానీ వెళ్లకపోతే వదులైనట్టు. ముందుకు లాగితే ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లకు మించి దూరం జరిగినా అంతే. మీరు మాత్రం ఇంట్లో రోజూ లాగి చూసుకోకండి! వదులు కొద్దిగా ఉంటే బయటి మూలని ఒక కుట్టుతో బిగిస్తారు. ఎక్కువుంటే సాగిన భాగాన్ని కత్తిరించి, ఎముక పొరకి మళ్లీ కడతారు. మీ కన్ను బుగ్గ ఎముక కంటే ముందుకు పొడుచుకుని ఉందా అన్నదీ చూస్తారు. అలాంటివారికి రెప్ప జారే ప్రమాదం ఎక్కువ.

ఇప్పుడు మీ కన్నీటి సంగతి. రెప్ప కొసన, ముక్కు దగ్గర, కన్నీరు లోపలికి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. రెప్ప బయటికి వాలితే అది గుడ్డుకి తగలదు, నీరు చెంప మీదకొస్తుంది. నీటిగొట్టం మూసుకుపోయినా కారుతుంది, కన్ను పొడిబారినా కారుతుంది. ఒక్క వైపే కాబట్టి ముఖనరం బలహీనత గానీ, రెప్ప మీద మానని పుండో గడ్డో గానీ లేవని కూడా తేల్చుకోవాలి. ఇవేవీ చూడకుండా రేటు చెప్పిన చోట కత్తి పెట్టించుకోకండి. ఈలోగా కన్నీరు తుడుచుకునేటప్పుడు కొంగుతో కిందకు లాగి తుడవకండి, పైకి, ముక్కు వైపుగా మెల్లగా అద్దండి.

పొద్దున్నే బాగా వాచి, సాయంత్రానికి తగ్గిపోయే ఉబ్బు ఉంటే మూత్రపిండాలు, థైరాయిడ్, ఎలర్జీ పరీక్షలు ముందు. బుగ్గ ఎముక మీద నీటిసంచిలా ఉండే వాపు ఈ ఆపరేషన్లతో పోదు. నలుపూ పోదు. పైగా మన చాయ ఉన్నవారికి లేజర్లు, పీలింగులు కొన్నిసార్లు నలుపుని పెంచుతాయి. ఇంజెక్షన్‌తో పెట్టే జెల్లు పల్లం పూడ్చడానికి పనికొస్తుంది గానీ సాగిన రెప్పని బిగించదు. అరుదుగానైనా, అది రక్తనాళంలోకి పోతే చూపే పోవచ్చు. క్రీముల గురించి నేను చెప్పేదేమీ లేదు, డబ్బా అందంగా ఉంటుంది.

ఆరు వారాల మాటకొస్తే, వద్దనే అంటాను. కమిలిన నలుపు తగ్గడానికే రెండు వారాలు కావాలి. వాపు పూర్తిగా దిగి అసలు రూపు తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు. ఆ మధ్యలో మీరు హోమం పొగలో కూర్చోవాలి, రాత్రిళ్లు మేలుకోవాలి, అప్పగింతలప్పుడు ఏడవాలి. ఏదైనా తేడా వస్తే పెళ్లి పనులు వదిలి ఆసుపత్రి చుట్టూ తిరగాలి. పెళ్లయ్యాక తీరిగ్గా చేయించుకుంటే మీకు పోయేదేమీ లేదు. కన్నీరు సంగతి మాత్రం ఈ వారమే చూపించుకోండి.

రెప్పల ఆపరేషన్లలో ప్రత్యేకంగా శిక్షణ పొందిన కంటి డాక్టర్లున్నారు. హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల దీనికి విడిగా విభాగమే ఉంది. రెప్పల మీద అనుభవమున్న ప్లాస్టిక్ సర్జన్ అయినా ఫరవాలేదు. ‘నా రెప్ప వదులుగా ఉందా? ఉంటే ఏం చేస్తారు?’ అని సూటిగా అడగండి. తడబడితే లేచి వచ్చేయండి. బీపీ, షుగరు, గుండెకు వాడే ఆస్పిరిన్ లాంటి మాత్రలు, చివరికి చేపనూనె గొట్టాలు కూడా దాచకుండా చెప్పండి. ఏ మాత్ర అయినా ఆపాలో వద్దో ఇచ్చిన డాక్టరే తేల్చాలి, మీరు ఆపకండి. ఆపరేషన్ అయిన రాత్రి కన్ను విపరీతంగా నొప్పిపెట్టి, గట్టిపడి, చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగొద్దు. వేలల్లో ఏ ఒక్కరికో వచ్చే రక్తస్రావం అది, కానీ గంటల్లో చూపు తీసేస్తుంది.

చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు పాత ఫోటోలు రెండు మూడు తీసుకెళ్లండి. సంచులు ఎప్పటినుంచి ఉన్నాయో, కుడిరెప్ప ఎప్పుడు దిగడం మొదలైందో వాటిలో తెలుస్తుంది. మీ పెళ్లి ఫోటో ఉంటే అదీ ఇవ్వండి, డాక్టరుకు చాలా పనికొస్తుంది.