నీడలో రంగులు

మన పద్మనగర్ గల్లీల్లో కార్ఖానా గోడల నడుమ చాలా ఇండ్ల ముందు ఎండ సరిగా పడదు. అక్కడ నాచుపూలు పెడితే తీగ సాగుతది గాని పూయదు, దానికి ఎండే తిండి. నీడలో రంగు కావాలంటే పువ్వును కాదు, ఆకును చూసి ఎంచుకోండి.

కోలియస్ మంచిది. ఎరుపు, పసుపు, పచ్చ ఒక్క ఆకులోనే ఉంటయి. కొననక్కర లేదు. పక్కింటి వదినెనడిగి బెత్తెడు కొమ్మ తెచ్చి నీళ్లల్లో పెడితే 10 రోజుల్లో వేరొస్తది. కొసలు, పూలకంకులు తుంచుతుంటే పొట్టిగా గుబురుగా పెరుగుతది. వానకాలం 4 నెలలు నీళ్లు నిలిస్తే కుళ్లుతది, డబ్బా అడుగున బొక్క ఉండాలె.

కెలాడియం ఇంకా అందం. కాని దాని ఆకు నమిలితే నోరు మండి వాస్తది. పిల్లలు పాకే గడపకాడ అది వద్దు.