ముప్పున్న మంచానికే మొదటి అడుగు: నల్లగొండ, పాలమూరు నర్సుల ప్రణాళిక
ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల ఆసుపత్రుల్లో పనిచేసే స్టాఫ్ నర్సులం, ఏఎన్ఎంలం, నర్సింగ్ విద్యార్థులం ఈ ప్రణాళికతో ఒక్కటవుతున్నాం.

తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నూటికి 60.7 సిజేరియన్లేనని కూడా చెప్పింది. చందంపేట తండా నుంచి, అమ్రాబాద్ పెంట నుంచి తల్లి మన వార్డు దాకా వచ్చింది. వచ్చిన తల్లిని కాపాడేది మంచం పక్కన నిలబడ్డ నర్సు కన్ను, చెయ్యి.

కాన్పు వార్డులో బాలింత ఒంట్లోంచి రక్తం పోతుంది. పక్క వార్డులో వాంతులు, విరేచనాలతో వచ్చిన మనిషి ఒంట్లోంచి నీరు పోతుంది. ఇద్దరికీ సాధారణంగా ముందు నాడి వేగం పెరుగుతుంది, బీపీ పడేది ఆ తర్వాతే. బీపీ బాగుందని మంచం దాటిపోతే ప్రాణం చేజారవచ్చు. కాబట్టి మంచాల నంబర్ల వరుస మాకు వద్దు. ముప్పు ఎవరికి ఎక్కువో వాళ్ల దగ్గరికే ముందు పోతాం.

మేం పాటించేవి

1. కాన్పయ్యాక తొలి రెండు గంటలు పావుగంటకోసారి నాడి, బీపీ, రక్తస్రావం, గర్భసంచి చూస్తాం. గర్భసంచి మెత్తగా తగిలితే తల్లిని వదలకుండా మర్దన చేస్తూ డాక్టరును పిలిపిస్తాం. మూత్రం పోయిస్తాం, నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు.

2. పోయిన రక్తాన్ని కంటి అంచనాకు వదలం, కొలుస్తాం. కొలత గీతలున్న షీటుతో రక్తస్రావాన్ని పసిగట్టి, చికిత్సలన్నీ వెంటనే మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం, దాని వల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయని నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన పరిశోధన 2023లో తేల్చింది.

3. సిజేరియన్ తల్లికి కడుపు ఉబ్బి, గ్యాస్ పోక, వాంతులవుతుంటే మామూలేనని సరిపెట్టం. తలనొప్పి, చూపు మసక అంటే వెంటనే బీపీ చూస్తాం. గుర్రపువాతం కాన్పు తర్వాత కూడా వస్తుంది.

4. మత్తుగా ఉండి వాంతి చేసుకుంటున్న రోగిని ముందు పక్కకు తిప్పుతాం. విరేచనాల రోగికి కళ్లు, నాలుక, చర్మం, మూత్రం, తెలివి చూస్తాం. తాగగలిగితే ఓఆర్ఎస్, లేకుంటే వెంటనే సెలైన్. రక్తపు వాంతి, నల్లటి విరేచనం, బిగుసుకున్న పొట్ట కనబడితే క్షణం ఆగం.

5. బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యాన్ని, విరేచనాలైతే నీళ్లు ఆపే అలవాటును ఇంటి పెద్దలతో గౌరవంగా మాట్లాడి మాన్పిస్తాం. 1971లో బంగ్లా శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతో వేల ప్రాణాలు నిలిపింది. ఆ నీళ్లు రోగులకు తాగించింది చాలావరకు ఇంటివాళ్లే.

మేం అడిగేవి

భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. ప్రతి కాన్పు గదిలో కొలత షీట్లుండాలి. అర్ధరాత్రి నర్సు పిలిస్తే డాక్టరు రావాలి. మంచం ఖాళీ కావాలని బాలింతను 48 గంటల లోపు ఇంటికి పంపకూడదు.

అడిగినవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోం. మాతో చేరే ప్రతి సిస్టరూ షిఫ్టు మారేటప్పుడు కుర్చీలోంచి కాకుండా మంచం పక్కనే నిలబడి, రోగిని ముట్టి చూసి అప్పగించాలి. ఇవాళ్టి నైట్ డ్యూటీ నుంచే మొదలుపెడదాం.