డిలీట్ బటన్ కూడా హక్కే!

గత సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ తన ఫోన్ నా చేతిలో పెట్టింది. రోజంతా నోటిఫికేషన్లే. లోన్ ప్రకటనలు, జాతకాలు, ‘మీ ఫోన్‌లో వైరస్ ఉంది’ అనే బెదిరింపులు. అన్నీ ఫోన్‌తో పాటే వచ్చిన ఒక బ్రౌజర్ పంపుతున్నవి. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. తీసేద్దామని ఐకాన్ నొక్కి పట్టుకున్నాను. ‘డిసేబుల్’ ఉంది, ‘అన్‌ఇన్‌స్టాల్’ లేదు.

“డబ్బులు పెట్టి కొన్నది మనమే కదరా, తీసేయడానికి మనకెందుకు రాదు?” అంది అమ్మ.

నేను ఇంజినీరింగ్ చదివాను. సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. అయినా ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

ఇదే మెయిన్స్‌లో వస్తే మీరేం రాస్తారో నాకు తెలుసు. ఎందుకంటే నేనూ అదే రాసేవాణ్ణి: ‘ఆవిష్కరణకు, నియంత్రణకు మధ్య సమతుల్యం పాటించాలి.’ ఏ ప్రశ్నకైనా అతికే వాక్యం అది. ఏ ప్రశ్నకూ జవాబు కాదు. ఈసారి గోడ దిగి ఒక పక్కన నిలబడదాం. నా వాదన ఇది: ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు కంపెనీ తన బ్రౌజర్‌ను ఇవ్వవచ్చు. కానీ కొన్నవాడు పొమ్మంటే అది పోవాలి. ఆ హక్కు కంపెనీ దయ మీద కాదు, చట్టం మీద నిలబడాలి.

‘కుదరదు’ అనే మాటకు పాతికేళ్ల చరిత్ర

1998 మే 18న అమెరికా న్యాయశాఖ, కొన్ని రాష్ట్రాలు కలిసి మైక్రోసాఫ్ట్ మీద కేసు వేశాయి. వివాదానికి కేంద్రం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. అది విండోస్‌లో విడదీయరాని భాగమని, తీసేస్తే విండోస్ దెబ్బతింటుందని కంపెనీ వాదన. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్ దాన్ని తొలగించే ప్రోగ్రామ్ రాసి చూపించారు. అది నడిపితే విండోస్ మందగిస్తుందని నిరూపించడానికి మైక్రోసాఫ్ట్ 1999లో కోర్టులో ఒక వీడియో వేసింది. ప్రభుత్వ న్యాయవాది డేవిడ్ బాయిస్ అదే వీడియోను ఆపి, తెర మీది విండో పైపట్టీలో రాతలు పొంతన లేకుండా ఉన్నాయని ఎత్తిచూపారు. ఆ వీడియో ఒకే కంప్యూటర్ మీద తీసింది కాదని చివరికి కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది.

మన నోట్స్‌లో ఈ కేసు గురించి సాధారణంగా ఒక్క లైనే ఉంటుంది: కంపెనీని రెండుగా చీల్చమన్న తీర్పును అప్పీల్ కోర్టు కొట్టేసింది. ఆ లైన్ తప్పు కాదు, సగం. అదే 2001 జూన్ 28 తీర్పులో అప్పీల్ కోర్టు ఇంకో రెండు విషయాలు తేల్చింది. ‘యాడ్/రిమూవ్ ప్రోగ్రామ్స్’ జాబితా నుంచి బ్రౌజర్‌ను తప్పించడం, బ్రౌజర్ కోడ్‌ను విండోస్ కోడ్‌తో కలగలపడం గుత్తాధిపత్యాన్ని కాపాడుకునే చట్టవిరుద్ధ చర్యలని చెప్పింది. అంటే డిలీట్ బటన్ లేకపోవడం డిజైన్ సమస్య మాత్రమే కాదు, పోటీ చట్టం పరిధిలోకి వచ్చే తప్పు కూడా అని ఒక పెద్ద కోర్టు అప్పుడే తేల్చింది.

ఆలోపే నష్టం జరిగిపోయింది. నెట్‌స్కేప్ తన స్థానం కోల్పోయింది. ఇక ‘ఆవిష్కరణ’ సంగతి చూడండి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో. 7 వచ్చింది 2006లో. పోటీదారు పడిపోయాక ఐదేళ్ల పాటు కొత్త వెర్షనే లేదు. నియంత్రణ ఆవిష్కరణను చంపుతుందని రాసే ముందు, గుత్తాధిపత్యం దాన్ని ఎలా నిద్రపుచ్చిందో గుర్తుచేసుకోండి.

డిఫాల్ట్ అంటే అధికారం

‘ఇష్టం లేకపోతే వేరేది వాడుకోవచ్చు కదా’ అంటారు. ఈ మాట ఎంత బలహీనమో కంపెనీలకే బాగా తెలుసు. డిఫాల్ట్ సెర్చ్‌గా ఉండటం కోసం గూగుల్ ఒక్క 2021లోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టులో బయటపడింది. జనం తేలిగ్గా మార్చుకునేదైతే అంత డబ్బు ఎవరైనా పోస్తారా? 2023 అక్టోబర్‌లో అదే కేసులో సాక్ష్యం చెప్పిన మైక్రోసాఫ్ట్ అధిపతి, మన హైదరాబాద్ వారు సత్య నాదెళ్ల, వినియోగదారుడు డిఫాల్ట్‌ను సులువుగా మార్చుకుంటాడన్న వాదనను కొట్టిపారేశారు. గూగుల్ విషయంలో ఆయన చెప్పింది నిజమే. ఆ నిజం ఆయన కంపెనీ ఎడ్జ్ బ్రౌజర్‌కూ వర్తిస్తుంది.

ఐరోపాలో సాధ్యం, అనకాపల్లిలో అసాధ్యమా?

ఐరోపా సమాఖ్య తెచ్చిన డిజిటల్ మార్కెట్స్ చట్టం పెద్ద కంపెనీలకు 2024 మార్చి నుంచి పూర్తిగా వర్తిస్తోంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని అప్లికేషన్లను వినియోగదారుడు సులువుగా తొలగించగలగాలని అందులో రాసి ఉంది. ఫలితం: అక్కడి విండోస్‌లో ఎడ్జ్‌ను మామూలు అప్లికేషన్‌లా తీసేయవచ్చు. ఐఫోన్‌లో సఫారీని కూడా డిలీట్ చేయవచ్చు.

మన దగ్గర విండోస్ సెట్టింగ్స్ తెరిచి ఎడ్జ్‌ను తీసేయబోతే మామూలు దారిలో కుదరదు. అదే విండోస్, అదే కోడ్. తేడా కంప్యూటర్ ఏ దేశంలో ఉందన్నదే. ‘సాంకేతికంగా కుదరదు’ అన్న వాదన ఆ రోజుతో చచ్చిపోయింది. మిగిలింది ఒకటే: చట్టం అడిగిన చోట ఇస్తారు, అడగని చోట ఇవ్వరు.

మనం అడగలేదా? అడిగాం. 2022 అక్టోబర్ 20న కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. ముందే వేసి ఇచ్చిన తన యాప్‌లను తొలగించకుండా అడ్డుకోరాదని ఆదేశించింది. 2023 మార్చి 29న ఎన్‌సీఎల్ఏటీ జరిమానాను సమర్థించింది, కానీ నాలుగు ఆదేశాలను కొట్టేసింది. అందులో ఈ ఆదేశం ఒకటి. మనం కరెంట్ అఫైర్స్‌లో జరిమానా అంకె బట్టీపట్టాం. అమ్మ ఫోన్‌కు అక్కరకొచ్చే ఆదేశం ఎగిరిపోయిందని ఎంతమందిమి గమనించాం?

ఎదుటివారి మాట

మొదటిది: బ్రౌజర్ లేకపోతే ఇంకో బ్రౌజర్‌ను ఎలా దించుకుంటారు? నిజమే. అందుకే ముందే వేసి ఇవ్వడాన్ని నిషేధించమని నేను అనడం లేదు. ఇవ్వండి, తీసేసే దారి కూడా ఇవ్వండి.

రెండోది: ఇతర ప్రోగ్రామ్‌లు దాని మీద ఆధారపడ్డాయి. ఇది గట్టి వాదన, కొంత నిజం కూడా. బ్రౌజర్‌లో రెండు భాగాలు ఉంటాయి. పేజీని గీసే ఇంజిన్ ఒకటి, మనకు కనిపించే దుకాణం ఇంకొకటి. ఇంజిన్‌ను వేరే అప్లికేషన్లు వాడుకుంటాయి. అది ఉండనివ్వండి. దుకాణం మూయించే హక్కు మాత్రం ఇంటి యజమానిదే. ఐరోపాలో ఎడ్జ్ తీసేసినవారి విండోస్ నడుస్తూనే ఉంది.

మూడోది: భద్రత. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్‌లో మైక్రోసాఫ్టే వీడ్కోలు చెప్పింది. కానీ పాత కోడ్ విండోస్‌లో ఉండిపోయింది. షార్ట్‌కట్ ఫైల్‌తో ఎరవేసి, ఆ పాత బ్రౌజర్‌నే తెరిపించి దాడులు చేస్తున్నారని తేలాక 2024 జులైలో దానికి మరమ్మతు విడుదల చేయాల్సి వచ్చింది. వాడని తలుపు కూడా దొంగకు దారే. వదిలించుకోలేని కోడ్ భద్రతకు హామీ కాదు.

నాలుగోది: అడిగే ధైర్యం ఉంటే చాలదు, నిఘా కూడా ఉండాలి. దీన్ని నేనే ఒప్పుకుంటాను. బ్రౌజర్ ఎంపిక తెర చూపిస్తామని 2009లో ఐరోపాకు మాటిచ్చిన మైక్రోసాఫ్ట్, 2011–12లో సుమారు కోటీ యాభై లక్షల మందికి దాన్ని చూపించలేదు. 2013లో 56.1 కోట్ల యూరోల జరిమానా పడింది. నియమం రాయడం సగం పని, అమలు చూడటం మిగతా సగం.

మరి ఏం చేయాలి?

2024 మార్చిలో బయటికొచ్చిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా ఆపరేటింగ్ సిస్టమ్‌లను, వెబ్ బ్రౌజర్లను కీలక డిజిటల్ సేవలుగా గుర్తించింది. అది ఇంకా చట్టం కాలేదు. అయ్యేనాటికి అందులో ఒక వాక్యం స్పష్టంగా ఉండాలి: వ్యవస్థ పనిచేయడానికి తప్పనిసరి కాని ప్రతి అప్లికేషన్‌నూ వినియోగదారుడు తొలగించగలగాలి. తప్పనిసరి అని నిరూపించే భారం కంపెనీదే. ‘డిసేబుల్’ను ‘తొలగింపు’గా లెక్కించరాదు.

చట్టం వచ్చేదాకా కూడా ఆగక్కర్లేదు. ప్రభుత్వం జెమ్ పోర్టల్‌లో వేల కంప్యూటర్లు కొంటుంది. టెండర్‌లోనే ఈ షరతు పెట్టవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకునేలా చూడవచ్చు. దక్షిణ కొరియాలో బ్యాంకింగ్ ధ్రువపత్రాలు యాక్టివ్‌ఎక్స్ మీద ఆధారపడటంతో అక్కడి జనం ఏళ్ల తరబడి ఒకే బ్రౌజర్‌కు కట్టుబడిపోయారు. అక్కడ సంకెళ్లు బిగించింది కంపెనీ ఒక్కటే కాదు, ప్రభుత్వ నిబంధన కూడా.

మిత్రులారా, రేపు మనలో ఎవరో ఒకరు ఆ టెండర్ ఫైల్ మీద సంతకం పెడతారు. ఆ రోజు ఫైల్‌లో ‘సమతుల్యం పాటించాలి’ అని రాస్తే పని జరగదు. షరతు ఉందా, లేదా అన్నదే తేలాలి. అమ్మ ఫోన్‌లో ఆ బ్రౌజర్ ఇంకా ఉంది. డిసేబుల్ చేసి వచ్చాను, అంతే. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను కాదు, చట్టం.

ప్రాక్టీస్ ప్రశ్న: ‘డిఫాల్ట్‌ను నిర్ణయించేవాడే మార్కెట్‌ను నిర్ణయిస్తాడు.’ భారత పోటీ చట్టం నేపథ్యంలో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

ఒక్క షరతు: ముగింపులో ‘సమతుల్యం’ అనే పదం వాడకుండా రాయండి.