గడప దాటని మనస్సాక్షి

ఆదిలాబాద్ అడవుల్లో పోడు భూమి కోసం ఘర్షణ జరిగిందన్న వార్త చదువుతాం, పేజీ తిప్పేస్తాం. మన నిజామాబాద్ పల్లెల్లోనే గ్రామాభివృద్ధి కమిటీ తీర్మానం పేరిట ఒక కులాన్ని వెలివేస్తే, వారితో మాట్లాడినవారికి జరిమానా వేస్తే, తల వంచుకుని తప్పుకుపోతాం. పసుపు పండించిన చేతులు, చెరకు నరికిన చేతులు న్యాయం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చచ్చుబడుతున్నాయి?

చట్టాలు లేకనా? ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పరం కారాదని 1970లోనే 1/70 చట్టం శాసించింది. అక్కడి గనులను ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వరాదని 1997లో సమతా తీర్పు చెప్పింది. అడవిబిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 నాటి అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే అంగీకరించింది. శాసనం అంగీకరించిన అన్యాయాన్ని మన అంతఃకరణం అంగీకరించిందా? జల్, జంగల్, జమీన్ కోసం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కుమురం భీం విగ్రహానికి మాల వేస్తాం. ఆ భీం వారసుల చేనుకు పట్టా ఎందుకు రాలేదని ఒక్కనాడైనా అడిగామా?

ఈ వ్యాధికి మూలం అజ్ఞానం కాదు, అహంకారం. ఎదుటివాడి బాధ మన గడప దాకా రావాలే తప్ప, మనం అతని గడప తొక్కరాదన్న అహంకారం. సోన్ వంతెన దాటితే గోదావరికి ఆవలి ఒడ్డు, ఆ అడవిబిడ్డల సీమ. దాన్ని దాటడానికి మనకు అడ్డుపడేది నది కాదు, మన హృదయకాఠిన్యం.

ఆ కాఠిన్యాన్ని కరిగించడానికే మహనీయులు కాలినడకను వ్రతంగా స్వీకరించారు. 1951లో తెలంగాణ రక్తసిక్తమై ఉన్నప్పుడు వినోబా భావే వార్ధా ప్రాంతం నుంచి శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి నడిచే వచ్చారు. అక్కడి నుంచి పల్లెబాట పట్టారు. ఏప్రిల్ 18న పోచంపల్లి హరిజనవాడకు స్వయంగా వెళ్లి, ఏం కావాలని అడిగారు. వారు అడిగింది ఎనభై ఎకరాలు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినవారికీ ఇచ్చినవారికీ మధ్య ఉన్నది ఏమిటి? అధికారం కాదు, ఆయుధం కాదు. ధూళి నిండిన రెండు పాదాలు! 2007లో పి.వి. రాజగోపాల్ నాయకత్వాన సుమారు ఇరవై ఐదు వేలమంది ఆదివాసులు, భూమిలేని పేదలు గ్వాలియర్ నుంచి ఢిల్లీకి నడిచారు. రాయి విసరలేదు, తల వంచలేదు. కాళ్లు తప్ప మరో ఆస్తి లేనివారు ఆ కాళ్లతోనే రాజధానిని కదిలించారు.

మరి మనం? నాడు వినోబాకు దానమిచ్చిన భూములను అన్యాక్రాంతం కానిచ్చినవారం మనమే. ఆక్రమించినవాడిది పాపమైతే, చూసి మౌనం వహించినవాడిది పుణ్యమా? కొన్నవాడు, రాసినవాడు, సంతకం పెట్టినవాడు, సాక్షి నిలిచినవాడు, వీరిలో మన బంధువులు లేరని గుండె మీద చేయి వేసుకుని చెప్పగలమా? పాదయాత్రికుడికి హారతి పట్టి, అతని వెంట పది అడుగులు కూడా వేయని సమాజానికి శాంతిని కోరే అర్హత ఎక్కడిది?

అయినా నిరాశకు తావు లేదు. ఈ గడ్డ ధర్మం తెలియనిది కాదు. 2001లో మన వేల్పూర్ మండలమే బాలకార్మికులు లేని మండలంగా నిలిచింది. పిల్లలను పనిలో పెట్టుకున్నవారే, వారి తల్లిదండ్రులకిచ్చిన అప్పులను వదులుకుని పసివారిని బడికి సాగనంపారు. శాసనం అంతకుముందూ ఉంది. అప్పుడు మేల్కొన్నది ఊరి మనస్సాక్షి. నాడు అప్పును త్యజించిన ఊరు, నేడు ఆధిక్యాన్ని త్యజించలేదా?

కనుక నడుద్దాం. మొదట మన ఊళ్లో మనం వెలివేసిన వాడకు నడుద్దాం. అక్కడ కూర్చుందాం, క్షమాపణ కోరుదాం, వేసిన జరిమానాను తిరిగి ఇచ్చేద్దాం. పిమ్మట గోదావరి దాటి గోండు, కోలాం గూడేలకు నడుద్దాం. ఉపదేశించడానికి కాదు, వినడానికి. పట్టా కోసం వారు కార్యాలయం మెట్లెక్కే రోజున వారి పక్కన నిలబడదాం. హక్కు వారిది, దాన్ని గౌరవించే కర్తవ్యం మనది. ఆ కర్తవ్యాన్ని మన తరం నెరవేర్చగలదు, నెరవేర్చి తీరాలి!