బుల్లెట్‌కు కావలసింది మోత కాదు

కొత్త బండి ఇంటికొచ్చి నెల తిరగకముందే చాలామంది కుర్రాళ్లు కంపెనీ సైలెన్సర్ విప్పించేస్తారు. హైదరాబాద్ పుత్లీబౌలిలోనైనా, విజయవాడలోనైనా, కరీంనగర్‌లోనైనా దుకాణంలో వినిపించే ప్రశ్న ఒకటే. "అన్నా, ఇది వేస్తే పికప్ పెరుగుతుందా?" జవాబూ ఒకటే. "బండి ఎగిరిపోతుంది తమ్ముడూ." ఆ మాట మీదే ఒకసారి యాక్సిలరేటర్ తిప్పి వినిపిస్తారు. పక్క కొట్టు అద్దాలు అదురుతాయి. అంత మోత చేసే బండిలో కొత్తగా బలమేమీ రాలేదంటే ఆ క్షణాన ఎవరు నమ్ముతారు?

కానీ చాలా సందర్భాల్లో జరిగేది అదే. బండి మునుపటికన్నా బాగా లాగాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ కోరిక తీరే దారులూ ఉన్నాయి. ముందు బండి ఆరోగ్యం, తర్వాత గేరింగ్, ఆ తర్వాత ఇంధనం ట్యూనింగ్, అన్నిటికన్నా చివర సైలెన్సర్. మన ఊళ్లలో ఈ వరస తలకిందులైంది. చివర చేయాల్సిన పనిని మొదట చేసి, మిగిలినవి చేయకుండా వదిలేస్తున్నారు. దాని ఫలితం బండి నడిపేవాడికీ నష్టమే, వీధిలో నిద్రపోయేవాడికీ నష్టమే.

మనవాళ్ల మోజు వెనక ఒక చరిత్ర ఉంది. 1950ల మధ్యలో మద్రాసులో రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ తయారీ మొదలైంది. సైన్యం, పోలీసుల చేతుల్లో ఆ బండిని చూసిన జనానికి దాని 'డబ్ డబ్' చప్పుడే హోదాగా కనిపించింది. ఒకే సిలిండరు, బరువైన ఫ్లైవీల్, పిస్టన్‌కు పొడవైన ప్రయాణం. 346 సీసీ బుల్లెట్‌లో బోరు 70 మిల్లీమీటర్లయితే స్ట్రోక్ 90. నిదానంగా, బరువుగా కొట్టే గుణం ఆ కొలతల్లోంచే వచ్చింది. ఆ తర్వాత ఇందోరి సైలెన్సరనీ, పంజాబీ సైలెన్సరనీ, గోల్డ్‌స్టార్ అనీ రకరకాల గొట్టాలు బజారులోకి వచ్చి ఆ సహజమైన చప్పుడును అరుపుగా మార్చాయి.

అదే కంపెనీ నుంచి 2020 నవంబరులో వచ్చిన మీటియర్ 350 సంగతి చూద్దాం. ఇది అచ్చమైన క్రూయిజర్. 349 సీసీ ఇంజన్, 72 మిల్లీమీటర్ల బోరు, 85.8 స్ట్రోక్. కంపెనీ లెక్క ప్రకారం 6,100 ఆర్‌పీఎం దగ్గర 20.2 హార్స్ పవర్, 4,000 దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్క్. ఈ రెండు అంకెల మధ్యే అసలు కథ ఉంది. 4,000 దగ్గర ఈ ఇంజన్ ఇచ్చే పవర్ సుమారు 15 మాత్రమే, కానీ లాగే సత్తా ఎక్కువగా ఉండేది అక్కడే. క్రూయిజర్ నడిపేవాడు రోజంతా తిరిగేదీ ఆ ప్రాంతంలోనే. అడ్డం లేని సైలెన్సర్ వల్ల లాభమంటూ ఉంటే అది ఎక్కువగా పై ఆర్‌పీఎంలలో, అంటే ఇంజన్ గొంతు చించుకుని తిరిగేచోట కనిపిస్తుంది. తీరిగ్గా నడవడానికి కట్టిన బండికి అక్కడ దొరికే అర హార్స్ పవర్ దేనికి పనికొస్తుంది?

పైగా ఆ గొట్టం ఉత్త పొగ గొట్టం కాదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే పొగతోపాటు ఒక ఒత్తిడి అల బెండు పైపులో దూసుకుపోతుంది. గొట్టం వెడల్పయ్యే చోటునో, చివరి నుంచో ఆ అల తిరగబడి వెనక్కి వస్తుంది. అలా తిరిగొచ్చేటప్పుడు అది ఒత్తిడి తగ్గించే అలగా మారుతుంది. వాల్వ్ మూసుకోబోయే సమయానికి సరిగ్గా చేరితే మిగిలిన పొగను బయటికి లాగి కొత్త గాలి, పెట్రోలు లోపలికి రావడానికి సాయపడుతుంది. వేళ తప్పితే అదే అల ఎదురు తిరుగుతుంది. సన్నాయి గొట్టం పొడవు మారితే శ్రుతి మారిపోతుంది కదా, ఇక్కడా అంతే. ఏ ఆర్‌పీఎంలో బలం కావాలో చూసుకుని కంపెనీ ఇంజనీర్లు ఆ పొడవునూ, వెడల్పునూ, లోపలి అరలనూ నిర్ణయిస్తారు. గ్లాస్ వూల్ పీకేసి, లోపలి జాలీ కోయించేస్తే ఆ శ్రుతి చెడిపోతుంది. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు, గతుకుల మీద మూడో గేరులో వెళ్లేటప్పుడు కావలసిన లాగుడే ముందు తగ్గుతుంది. చప్పుడు పెరిగింది కాబట్టి వేగమూ పెరిగిందని చెవి మోసపోతుంది. స్టాప్‌వాచ్ మాత్రం మోసపోదు.

ఇంధనం సంగతి ఇంకా ముఖ్యం. పొగ సులువుగా బయటికి పోతే ఇంజన్ గాలి ఎక్కువ పీల్చుకోవచ్చు. గాలికి తగ్గట్టు పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడుతుంది. ఇంజన్ వేడెక్కుతుంది, బరువు మీద నాకింగ్ చేస్తుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ 'టప్ టప్'మని పేలుతుంది. ఆ పేలుళ్లను కొందరు గొప్పగా చెప్పుకుంటారు కానీ, పెట్రోలు బండిని లాగకుండా గొట్టంలో తగలబడుతోందని దాని అర్థం. కార్బురేటర్ కాలంలో తెలిసిన మేస్త్రీ మెయిన్ జెట్, పైలట్ జెట్ మార్చి, ప్లగ్ విప్పి రంగు చూసేవాడు. కాఫీ పొడి రంగుంటే సరిపోయినట్టు. తెల్లబడితే పలచన, నల్లటి మసి పడితే చిక్కన. రోడ్డు మీద పదిసార్లు తిప్పి, పదిసార్లు విప్పి చూసిన ఆ ఓపికే ట్యూనింగ్. అలాంటి మేస్త్రీలు ఉన్న ఊళ్లు అదృష్టం చేసుకున్నవి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక ఆ పద్ధతి కొత్త బళ్లకు చెల్లదు. ఇప్పుడు ఫ్యూయల్ ఇంజెక్షన్, పైపులో ఆక్సిజన్ సెన్సర్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటాయి. నిలకడగా వెళుతున్నప్పుడు సెన్సర్ చెప్పినట్టు కంప్యూటరు పెట్రోలును సరిచేస్తూ ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం ముందే రాసిపెట్టిన పట్టికను నమ్ముకుంటుంది. గొట్టం మార్చి పట్టికను అలాగే వదిలేస్తే, బలం కావలసిన క్షణంలోనే లెక్క తప్పే ప్రమాదం ఉంది. బెండు పైపు జాయింట్ సరిగా బిగించకపోతే బయటి గాలి చొరబడి సెన్సర్‌ను తప్పుదోవ పట్టిస్తుంది. ఇక కన్వర్టర్ పీకేయడం సమర్థించలేని పని. తన బండి వెనక వచ్చే స్కూటర్ మీది పిల్ల పీల్చే గాలిని పాడుచేసే హక్కు ఎవరికీ లేదు.

మరి ఏం చేయాలి? ముందు ఉన్న బలాన్ని పోగొట్టుకోకూడదు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, తుప్పు పట్టి బిగుసుకున్న చైన్, గాలి తగ్గిన టైర్లు, జారే క్లచ్ ప్లేట్లు, పట్టేసిన బ్రేకు, పాత బుల్లెట్ అయితే తప్పిన ట్యాపెట్ గ్యాప్, అరిగిన సీబీ పాయింట్లు. 'బండి లాగడం లేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే దొరుకుతుంది. ఇవన్నీ సరిచేయించడానికి అయ్యే ఖర్చు మంచి సైలెన్సర్ ఖరీదుకన్నా తరచూ తక్కువే.

తర్వాతిది గేరింగ్. ఎక్కువ గౌరవం దక్కాల్సినదీ, తక్కువ మంది పట్టించుకునేదీ ఇదే. పాత బుల్లెట్ 350నే తీసుకుందాం. ముందు స్ప్రాకెట్‌కు 16 పళ్లు, వెనక 38. ముందుది మార్చి 17 పళ్లది వేస్తే అదే వేగానికి ఇంజన్ 4,000 సార్లు తిరిగే బదులు దాదాపు 3,765 సార్లే తిరుగుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద గంటల తరబడి వెళ్లేవారికి ఆ తేడా అరచేతుల్లో తెలుస్తుంది. వణుకు తగ్గుతుంది, ఇంజన్ ఊపిరి పీల్చుకుంటుంది. దానికి మూల్యం కూడా ఉంది. వెనక చక్రానికి అందే లాగుడు సుమారు 6 శాతం తగ్గుతుంది. ఇద్దరు మనుషులు, సామానుతో అరకు ఘాట్ ఎక్కేటప్పుడో, శ్రీశైలం మలుపుల్లోనో ఒక గేరు కిందికి దిగాల్సి వస్తుంది. అదే 16 నుంచి 15కు తగ్గిస్తే లాగుడు ఆ మేరకు పెరిగి, హైవే మీద ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది.

స్ప్రాకెట్ కొత్త బలాన్ని పుట్టించదు. ఉన్న బలాన్ని మనిషి తిరిగే దారికి తగినట్టు పంచుతుంది. అయినా ప్రతి మలుపులో, ప్రతి ఎత్తులో దాని ఫలితం చేతికి తెలుస్తుంది. ఇంజన్ విప్పి 6 శాతం టార్క్ అదనంగా రాబట్టడానికి ఎంత పని పడుతుందో తెలిసినవారికి ఈ ఒక్క పన్ను విలువ అర్థమవుతుంది. ఏ దారి ఎక్కువ, ఎంత బరువు, ఎంత వేగం అన్నవి రాసుకుని తేల్చుకోవాలి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించనే అనుమతించరు. ఊళ్లోనే తిరిగేవాడికి టాప్ స్పీడు కోసం గేరింగ్ పెంచడం దండగ. వారంటీ ఉన్న బండి అయితే పళ్లు మార్చే ముందు సర్వీస్ సెంటర్‌లో అడిగి తీరాలి.

నిజమైన బలం కావాలంటే ఎంత దూరం వెళ్లాలో 2018లో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో కనిపించింది. 18 ఏళ్ల కేలా రివాస్ రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్‌ను గంటకు 150 మైళ్లు దాటించింది. ఆ జాతి ఇంజనే ఇప్పుడు సూపర్ మీటియర్ 650 క్రూయిజర్‌లో ఉంది. షోరూంలో అది ఇచ్చేది 47 పీఎస్. రికార్డు బండిని ఎస్ అండ్ ఎస్ సంస్థ నిపుణులు ఇంజన్ లోపలి నుంచి సిద్ధం చేశారు. ఒక సైలెన్సర్ బిగించి ఆ వేగం ఎవరూ సాధించలేదు.

క్రూయిజర్లకు పుట్టిల్లనదగిన అమెరికాలోనూ ఈ తగాదా తేలిగ్గా తీరలేదు. తన వి-ట్విన్ చప్పుడును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయాలని హార్లే-డేవిడ్‌సన్ 1994లో దరఖాస్తు పెట్టి, 2000లో వెనక్కి తీసుకుంది. 2016 ఆగస్టులో అసలు దెబ్బ తగిలింది. బండి కంప్యూటర్ పట్టికలను మార్చే 'సూపర్ ట్యూనర్' పరికరాలను ఆ కంపెనీ దాదాపు 3.4 లక్షలు అమ్మింది. వాటివల్ల పొగ పరిమితి దాటుతోందని ప్రభుత్వం కేసు పెట్టింది. తప్పు ఒప్పుకోకపోయినా 1.2 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికీ, ఆ పరికరాల అమ్మకం ఆపి డీలర్ల దగ్గరున్నవి వెనక్కి కొని ధ్వంసం చేయడానికీ కంపెనీ ఒప్పుకుంది. బండి చేసిన కంపెనీ అమ్మిన ట్యూనింగే చట్టం ముందు నిలవనప్పుడు, సందు చివరి దుకాణంలో చేసే రీమ్యాప్ సంగతి వేరే చెప్పాలా?

మన చట్టమూ గట్టిదే. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనం తయారీ దశలో 80 డెసిబెల్స్ మించి మోత చేయకూడదని 2005 నుంచి పరిమితి ఉంది. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోతగా వినిపిస్తుంది. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట ఉండాల్సిన పరిమితి 45. మోత, కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద మొదటిసారే మూడు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండి మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విశాఖపట్నం, హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కించిన దృశ్యాలు అందరూ చూశారు.

ఆ రోలర్ చాలదు. పట్టుబడినవాడు మళ్లీ అదే దుకాణానికి వెళ్లి మరోటి కొంటాడు. ఐరోపాలో బయటి కంపెనీ చేసిన సైలెన్సర్‌ను పరీక్షించి ఆమోద ముద్ర వేసే పద్ధతి ఉంది, దానికోసం ఐక్యరాజ్య సమితి 92వ నంబరు నిబంధన ఉంది. మన దేశంలో సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్‌లకు ఆమోదం ఇచ్చే ఏర్పాటు ఎన్నాళ్ల నుంచో నడుస్తోంది. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ వంటి పరీక్షా కేంద్రాలున్నాయి. సైలెన్సర్లకూ మోత, పొగ రెండూ కొలిచి ముద్ర వేయాలి. ముద్ర లేనిది అమ్మినవాడి మీద మొదట కేసు పడాలి. నిజాయితీగా మంచి భాగాలు చేసే చిన్న వర్క్‌షాపులకు అప్పుడే దారి దొరుకుతుంది.

అందాకా బండి ఉన్న కుర్రాళ్లకు ఒక విన్నపం. ఈసారి దుకాణంలో కొత్త గొట్టం చేతిలో పెట్టి పికప్ గురించి చెబితే, బిగించక ముందు, బిగించిన తర్వాత డైనో (ఇంజన్ బలం కొలిచే యంత్రం) మీద కొలిచిన రెండు కాగితాలు చూపించమనండి. 3,000 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్య టార్క్ ఎంత పెరిగిందో అడగండి. చూపించలేకపోతే డబ్బు జేబులో పెట్టుకుని వచ్చేయండి. ఆ సొమ్ముతో మంచి చైన్ సెట్, కొత్త ఎయిర్ ఫిల్టర్ వేయించి, కంపెనీ సైలెన్సర్‌తోనే ఒక తెల్లవారుజామున అరకు ఘాట్ ఎక్కి చూడండి.