ఊరికి వచ్చిన తీగ, గడపకు రాని తీగ



గత సంవత్సరం వర్షాకాలంలో ఒక సాయంత్రం మా వీధిలోని ఒక బాలిక సెల్‌ఫోన్ చేతబట్టుకొని, తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఇంజనీరింగ్ ప్రవేశాలకు వెబ్ ఆప్షన్లు నమోదు చేసే గడువు ఆ రాత్రితో ముగుస్తుంది. "మౌల్వీ సాబ్! మా ఇంట్లో సిగ్నల్ నిలవడం లేదు. మీ మేడ మీదైనా దొరుకుతుందేమో చూస్తాం" అని అడిగింది. రాత్రి పదకొండు దాటేదాకా తల్లీబిడ్డలు మేడపైనే కూర్చున్నారు. కోరుకున్న కళాశాలల్లో సగం పేర్లే నమోదయ్యాయి. ఆ బిడ్డ చదువులో లోటేమీ లేదు. మా పంచాయతీ కార్యాలయం దాకా ఫైబర్ తీగ అప్పటికే వచ్చి ఉంది. అక్కడి నుండి ఆమె గడప అర కిలోమీటరు కూడా ఉండదు.

ఈ నెల ఆ అర కిలోమీటరు గురించే మాట్లాడుకుందాం.

సెల్ టవర్ సామర్థ్యాన్ని చుట్టుపక్కల వారంతా పంచుకుంటారు. అందుకే సాయంత్రం అందరూ ఫోన్లు పట్టుకోగానే వేగం తగ్గుతుంది. పాత టెలిఫోన్ రాగి తీగలోనైతే ఎక్స్ఛేంజికి దూరమైన కొద్దీ వేగం సన్నగిల్లేది. ఫైబర్ అనేది వెంట్రుకంత సన్నని గాజు పోగు. అందులో సమాచారం కాంతి రూపంలో ప్రయాణిస్తుంది. ఒక్క పోగును స్ప్లిటర్ అనే చిన్న సాధనంతో 32 ఇళ్లకు, కొన్నిచోట్ల 64 ఇళ్లకు పంచి, సుమారు 20 కిలోమీటర్ల దూరం వరకు అందించవచ్చు. మధ్యలో విద్యుత్తు కూడా అవసరం లేదు. కాబట్టి పల్లె దూరంగా ఉండడం ఇక పెద్ద అడ్డంకి కాదు.

దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదించింది. తరువాత దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో తీగను విద్యుత్ స్తంభాల మీదుగా లాగారు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. తెలంగాణలో మిషన్ భగీరథ తాగునీటి గొట్టాల కోసం తవ్విన కందకాలను ఫైబర్‌కు కూడా వాడుకున్నారు. స్తంభాల పద్ధతిలో ఖర్చు తక్కువే గాని, గాలివానకో, ఎత్తుగా గడ్డి నింపిన లారీకో తీగ తెగే ప్రమాదముంది.

మరి పంచాయతీ నుండి ఇంటికి ఎందుకు రాదు? ఒక్క ఇంటి కోసం తీగ లాగితే ఆపరేటరుకు గిట్టుబాటు కాదు. ముప్పై ఇళ్లు కలిసి అడిగితే అదే వీధి అతనికి లాభసాటి అవుతుంది.

ఇంగ్లండ్‌లోని లాంకషైర్ పల్లెలు ఈ సంగతి ముందే గ్రహించాయి. పెద్ద సంస్థలు తమ వైపు రావని తేలిపోయాక, అక్కడి వారు 2011లో బీఫోర్‌ఎన్ అనే ఉమ్మడి సంఘం స్థాపించుకున్నారు. రైతులు తమ పొలాల గుండా ఉచితంగా దారి ఇచ్చారు. గ్రామస్థులు వాటాలు కొన్నారు, స్వయంగా కందకాలు తవ్వారు. ఆ పల్లెల్లోని ఇళ్లకు సెకనుకు వెయ్యి మెగాబిట్ల వేగం అందింది.

మనం కందకాలు తవ్వనక్కరలేదు. వీధిలో కనెక్షన్ కోరే ఇళ్ల జాబితా రాసి, సంతకాలతో పంచాయతీకీ, స్థానిక ఆపరేటరుకూ ఇస్తే చాలు. ఒప్పుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: మొదటి ఖర్చు ఎంత? పెట్టె మనదా, వారిదా? డేటా పరిమితి దాటితే వేగం ఎంతకు తగ్గుతుంది? తీగ తెగితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? ఇంట్లో తీగను మడత పెట్టకండి, గాజు పోగు విరుగుతుంది. కరెంటు పోయినా పెట్టె పనిచేయాలంటే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి.

"పిల్లలు చెడిపోరా?" అని పెద్దలు భయపడతారు. ఆ భయం అర్థం లేనిది కాదు. అయితే ఆ ముప్పు ఫోన్ ద్వారా ఇంట్లోకి ఏనాడో వచ్చింది. కంప్యూటర్‌ను అందరూ మసిలే నడిమింట్లో పెడితే, తలుపు మూసిన గదిలోని ఫోన్ కన్నా అదే మేలు.

మా వీధి జాబితా సిద్ధమైంది. దాన్ని రాసింది ఆ బాలికే. కోరుకున్న కళాశాల ఆమెకు దక్కలేదు. ఆమె తమ్ముడు ఇప్పుడు పదో తరగతి చదువుతున్నాడు.